ఢిల్లీ ఏమంది, ఏమనలేదు: విదేశాల్లో హక్కుల ఉల్లంఘనలపై భారత్ స్పందనను చదివే పద్ధతి

పొరుగు దేశంలో సైన్యం గద్దెనెక్కినా, మైనారిటీల ఇళ్ల మీద దాడులు జరిగినా మర్నాడు మన పత్రికల్లో రెండే రకాల శీర్షికలు కనిపిస్తాయి. ఒకటి "తీవ్రంగా ఖండించిన భారత్". రెండోది "భారత్ మౌనం ఎందుకు?" విదేశాంగ శాఖ ప్రకటన తెరిచి చూస్తే చాలాసార్లు అందులో ఖండన ఉండదు, దాన్ని మౌనమనీ అనలేం. నాలుగు వాక్యాలుంటాయి. వాటిలో ఏ మాట పెట్టాలి, ఏ పేరు తీసెయ్యాలి అని ఎవరో గంటల తరబడి కూర్చుని తేల్చి ఉంటారు. ఆ పనిని వెనక్కి విప్పి చూడటం నేర్చుకోవచ్చు. డెస్కులో వార్త రాసేవాళ్లకీ, సివిల్స్ అభ్యర్థులకీ, అంతర్జాతీయ వ్యవహారాల మీద నాలుగు మాటలు రాయాలనుకునే ఎవరికైనా ఇది పనికొస్తుంది.

ముందుగా ఒక సంగతి. ఏ ప్రకటననూ ఒంటరిగా చదవకండి. అదే దేశం గురించి అంతకుముందు ఢిల్లీ ఏమన్నదో పక్కన పెట్టుకుని చదవండి. "తీవ్ర ఆందోళన" అన్న మాటకు దానంతట దానికి బరువు లేదు. నిన్న "గమనించాం" అని ఉంటే ఈ రోజు "తీవ్ర ఆందోళన" ఒక మెట్టు పైకి. నిన్న "ఖండిస్తున్నాం" అని ఉంటే అదే మాట ఒక మెట్టు కిందికి. చూడాల్సింది మారిన మాట.

అసలు పాఠం ఎక్కడ దొరుకుతుంది

విదేశాంగ శాఖ వెబ్‌సైట్లో మీడియా విభాగం ఉంటుంది. అందులో పత్రికా ప్రకటనలు, మీడియా ప్రశ్నలకు సమాధానాలు, వారం వారం జరిగే విలేకరుల సమావేశాల పూర్తి పాఠాలు, ప్రసంగాలు, పార్లమెంటు ప్రశ్నోత్తరాలు వేరువేరు అరల్లో ఉంటాయి. ఏ అరలో పెట్టారన్నదే మొదటి సమాచారం.

"ఫలానా ఘటనపై మీడియా ప్రశ్నలకు అధికార ప్రతినిధి సమాధానం" అన్న శీర్షికతో వస్తే, ప్రభుత్వం తనంతట తాను నోరు విప్పలేదని అర్థం. అడిగారు కాబట్టి చెప్పింది. ఆ ప్రశ్న ఒక్కోసారి ఎదురుచూస్తున్న ప్రశ్నే కావచ్చు, అది వేరే సంగతి. పత్రికా ప్రకటన రూపంలో వస్తే తానే ముందుకొచ్చి చెప్పినట్టు. వారం వారం జరిగే విలేకరుల సమావేశంలో ఐదో ప్రశ్నకో ఆరో ప్రశ్నకో వచ్చిన జవాబైతే బరువు ఇంకాస్త తక్కువ. కానీ సమాచారం అందులోనే ఎక్కువ దొరుకుతుంది, ఎందుకంటే విలేకరి తిప్పి అడుగుతాడు, ప్రతినిధి ఏ మాట దగ్గర తప్పించుకున్నాడో కనిపిస్తుంది. అందుకే ముప్పై సెకన్ల వీడియో ముక్క చూసి రాయకండి. పాఠం వచ్చేదాకా ఆగి, ప్రశ్నతో సహా చదవండి.

ఐక్యరాజ్యసమితిలో మాట్లాడినవి ఢిల్లీ సైట్లో ఆలస్యంగా రావచ్చు, రాకపోనూవచ్చు. న్యూయార్క్‌లోనూ జెనీవాలోనూ ఉన్న భారత శాశ్వత ప్రతినిధి కార్యాలయాలకు సొంత వెబ్‌సైట్లున్నాయి. భద్రతా మండలి, సర్వప్రతినిధి సభ న్యూయార్క్‌లో. మానవ హక్కుల మండలి జెనీవాలో. ఈ రెండింటినీ కలిపేసి "ఐరాసలో ఓటింగ్" అని రాయడం మన దగ్గర మామూలైపోయింది. ఎక్కడ జరిగిందో రాయకపోతే ఆ ఓటుకు అర్థం లేదు. ఎందుకో కింద వస్తుంది.

నాలుగు ప్రశ్నలతో వాక్యం విప్పడం

సాధన కోసం 2021 ఫిబ్రవరి 1 తీసుకుందాం. ఆ తెల్లవారుజామున మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది, ఆంగ్ సాన్ సూకీతో పాటు ఎన్నికైన నాయకులను నిర్బంధించింది. అదే రోజు విదేశాంగ శాఖ చెప్పినదాని సారం ఇది: మయన్మార్‌లో పరిణామాలను తీవ్ర ఆందోళనతో గమనించాం; అక్కడ ప్రజాస్వామ్యం వైపు సాగుతున్న మార్పుకు భారత్ ఎప్పుడూ అండగా ఉంది; చట్టబద్ధ పాలన, ప్రజాస్వామ్య ప్రక్రియ నిలబడాలని నమ్ముతున్నాం; పరిస్థితిని దగ్గరగా గమనిస్తున్నాం.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. క్రియ ఏమిటి? చేసినవాడి పేరుందా? మాట ఎవరిని ఉద్దేశించింది? ఏం చెయ్యమని అడిగింది?

క్రియ "గమనించాం", దానికి "తీవ్ర ఆందోళన" తోడు. సైన్యం పేరు లేదు, జరిగినదాన్ని "పరిణామాలు" అన్నారు. వానలు పడటం కూడా పరిణామమే. ఉద్దేశించిన వ్యక్తి లేడు. నిర్బంధంలో ఉన్నవాళ్లను వదలమన్న కోరిక లేదు. నాలుగింటికీ దాదాపు శూన్యమే సమాధానం, అయినా ఇది మౌనం కాదు. ప్రజాస్వామ్యం అన్న మాట రెండుసార్లు రావడం, అదీ ఘటన జరిగిన రోజే రావడం గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

రెండు నెలల తర్వాత చూడండి. మార్చి చివర్లో అక్కడ ఒక్కరోజే వందమందికి పైగా పౌరులు కాల్పుల్లో చనిపోయాక, భద్రతా మండలి సమావేశంలో భారత ప్రతినిధి టి.ఎస్. తిరుమూర్తి హింసను తీవ్రంగా ఖండించారు, నిర్బంధంలో ఉన్న నాయకుల విడుదలను కోరారు. క్రియ మారింది, కోరిక చేరింది. చేసినవాడి పేరు మాత్రం రాలేదు. వార్త రాసేవాడు పట్టుకోవాల్సింది సరిగ్గా ఈ తేడాను: రెండు మెట్లు ఎక్కింది, మూడోది ఎక్కలేదు.

మెట్లు స్థూలంగా ఈ వరుసలో ఉంటాయి. అడుగున "నివేదికలు చూశాం", తర్వాత "గమనిస్తున్నాం", "ఆందోళన", "తీవ్ర ఆందోళన", "దిగ్భ్రాంతి", ఆపైన "ఖండిస్తున్నాం", దానికీ పైన "నిర్ద్వంద్వంగా ఖండిస్తున్నాం". "కోరుతున్నాం", "పిలుపునిస్తున్నాం" అన్నవి ఈ నిచ్చెన పక్కన ఉండే మరో నిచ్చెన. ఎవరిని కోరారన్నది దాని బరువు తేలుస్తుంది. "అన్ని పక్షాలూ సంయమనం పాటించాలి" అంటే ఎవరినీ ఏమీ అడగనట్టే. "బంగ్లాదేశ్ అధికారులు భద్రత కల్పించాలి" అంటే చిరునామా ఉంది.

ఎక్కువగా తప్పు జరిగేది పై మెట్టు దగ్గరే. ఖండన కనపడగానే పక్షం వహించినట్టు రాసేస్తారు. 2022 ఏప్రిల్ 5న ఉక్రెయిన్‌లోని బుచాలో జరిగిన పౌరుల హత్యలను భారత్ భద్రతా మండలిలో నిర్ద్వంద్వంగా ఖండించింది, స్వతంత్ర దర్యాప్తు పిలుపును సమర్థించింది. ఆ ప్రకటనలో రష్యా పేరు లేదు. రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 7న, మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేసే తీర్మానం మీద భారత్ తటస్థంగా ఉంది. మొదటి వార్త చదివి "ఢిల్లీ వైఖరి మారింది" అని రాసినవాళ్లు రెండో రోజున ఇబ్బంది పడ్డారు. హత్యను ఖండించడం వేరు, హంతకుణ్ణి చూపించడం వేరు. ఈ రెండింటినీ విడిగా రాసుకునే అలవాటు చేసుకుంటే ఈ తప్పు జరగదు.

ఎవరు పలికారు, ఎవరిని పిలిచారు

మాట ఒకటే అయినా ప్రతినిధి నోట, విదేశాంగ కార్యదర్శి నోట, మంత్రి నోట వేర్వేరు బరువుతో పలుకుతుంది. రాయబారిని పిలిపించినప్పుడూ అంతే. వచ్చినవాడి హోదా చూడండి: రాయబారా, ఉప రాయబారా, తాత్కాలిక బాధ్యతల్లో ఉన్న అధికారా? పిలిచినవాడి హోదా చూడండి: కార్యదర్శా, సంయుక్త కార్యదర్శా? దీనికి మంచి ఉదాహరణ ఎదురు దిశలోది. 2024 మార్చిలో కేజ్రీవాల్ అరెస్టుపై జర్మనీ, అమెరికా విదేశాంగ శాఖలు వ్యాఖ్యానిస్తే ఢిల్లీ రెండు దేశాల దౌత్యవేత్తలనూ పిలిపించి నిరసన చెప్పింది. రెండుసార్లూ పిలిచింది రాయబారిని కాదు, ఆ తర్వాతి స్థాయి అధికారిని. కోపం చూపించాలి, తలుపు మూయకూడదు అనుకుంటే చేసేది అదే. మన హక్కుల గురించి ఇతరులు మాట్లాడినప్పుడు "అంతర్గత వ్యవహారం" అనే ఢిల్లీ, ఇతరుల గురించి తాను మాట్లాడేటప్పుడు ఏ ప్రాతిపదిక చూపుతుందో గమనించడం కూడా చదువులో భాగమే. సాధారణంగా మూడు కనిపిస్తాయి: పొరుగు దేశం కావడం, అక్కడి ప్రజలతో మనకున్న బంధం, ఆ దేశమే ఇచ్చిన మాట.

బంగ్లాదేశ్ విషయంలో 2024 చివర్లో ఈ మెట్లన్నీ నెల లోపలే కనిపించాయి. నవంబరు 26న అక్కడి హిందూ సన్యాసి చిన్మయ్ కృష్ణ దాస్ అరెస్టు, బెయిల్ నిరాకరణపై పేరుతో సహా తీవ్ర ఆందోళన. హిందువులకూ ఇతర మైనారిటీలకూ భద్రత కల్పించమని అక్కడి అధికారులకు నేరుగా పిలుపు. ఢాకా దాన్ని తప్పుడు చిత్రణ అంటూ అదే రోజు తిప్పికొట్టింది. డిసెంబరు 9న విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ ఢాకా వెళ్లారు. మైనారిటీల భద్రత ప్రస్తావించారు, తాత్కాలిక ప్రభుత్వంతో కలిసి పనిచేస్తామనీ చెప్పారు. ఒక్క వాక్యం ఎత్తి రాస్తే కోపంగా వెళ్లినట్టు ఉంటుంది, రెండోది ఎత్తి రాస్తే రాజీకి వెళ్లినట్టు ఉంటుంది. రెండూ రాయాలి.

ఓటు: లెక్క తెలియకపోతే అర్థం కాదు

ముందు ఒక మాట సరిచేసుకోవాలి. మన పత్రికలు తరచూ "ఓటింగ్‌కు గైర్హాజరు" అని రాస్తాయి. సభలో కూర్చుని ఏ పక్షానా వేయకుండా తటస్థమని నమోదు చేయించుకోవడం ఒకటి, ఓటింగ్ సమయంలో అసలు లేకపోవడం మరొకటి. ఐరాస రికార్డులో రెండూ వేర్వేరు గడులు. భారత్ చేసేది దాదాపు ఎప్పుడూ మొదటిదే.

మానవ హక్కుల మండలిలో 47 దేశాలుంటాయి. పదవీకాలం మూడేళ్లు, వరుసగా రెండుసార్లు పూర్తయితే విరామం తప్పనిసరి. కాబట్టి "భారత్ ఓటు వేయలేదు" అని రాసే ముందు ఆ సంవత్సరం భారత్ సభ్యదేశమో కాదో చూడండి. 2018లోనూ 2025లోనూ కాదు. సభ్యత్వం లేనప్పుడు మాట్లాడవచ్చు, ఓటు ఉండదు. ఇక తీర్మానం ఓటింగ్ లేకుండానే ఆమోదం పొందితే ఎవరి ఓటూ నమోదు కాదు. అప్పుడు చూడాల్సింది ఎవరైనా లేచి "ఈ ఏకాభిప్రాయంలో మేం లేం" అన్నారా అన్నది.

ఇప్పుడు లెక్క. మండలిలో తీర్మానం నెగ్గడానికి హాజరై ఓటు వేసినవాళ్లలో సగం కన్నా ఎక్కువ చాలు. తటస్థంగా ఉన్నవాళ్లను "ఓటు వేసినవాళ్లు"గా లెక్కించరు. అంటే తటస్థం కిందపడ్డ ఓటు కాదు, గెలుపు గీతను కిందికి దించే ఓటు. 2022 అక్టోబరు 6న శ్రీలంక తీర్మానానికి అనుకూలం 20, వ్యతిరేకం 7, తటస్థం 20. మండలిలో సగం కన్నా తక్కువ మంది మద్దతుతో తీర్మానం తేలిగ్గా నెగ్గింది.

సర్వప్రతినిధి సభలో ముఖ్యమైన విషయాలకు మూడింట రెండొంతులు కావాలి. అక్కడా తటస్థులు లెక్కలోకి రారు. రష్యా సస్పెన్షన్‌కు వచ్చిన ఓట్లు 93 అనుకూలం, 24 వ్యతిరేకం, 58 తటస్థం. 117లో 93 కాబట్టి నెగ్గింది. ఆ 58 మందీ వ్యతిరేకంగా వేసి ఉంటే 175లో 117 కావాల్సి వచ్చేది, తీర్మానం ఓడిపోయేది. "తటస్థం అంటే రష్యాకు సాయం" అన్న వాదన, "తటస్థం అంటే ఏమీ చేయకపోవడం" అన్న వాదన రెండూ ఈ లెక్క ముందు నిలవవు. ప్రతి ఓటుకూ కాగితం మీద ఈ కూడికలు చేసి చూడండి, ఐదు నిమిషాల పని.

శ్రీలంక మీద భారత్ ఓట్ల వరుస దీనికంతటికీ పాఠ్యపుస్తకం లాంటిది. 2009 మే, యుద్ధం ముగిసిన కొద్దిరోజులకే: శ్రీలంకకు అనుకూలమైన తీర్మానం 29–12తో నెగ్గింది, భారత్ అనుకూలం. 2012 మార్చి: అమెరికా తెచ్చిన విమర్శనాత్మక తీర్మానం 24–15, తటస్థం 8, భారత్ అనుకూలం. 2013 మార్చి: 25–13, తటస్థం 8, మళ్లీ అనుకూలం. 2014 మార్చి: 23–12, తటస్థం 12, భారత్ తటస్థం. 2021 మార్చి: 22–11, తటస్థం 14, తటస్థమే. 2022 అక్టోబరు అంకెలు పైన చూశాం, భారత్ మళ్లీ తటస్థం.

దీన్ని పైపైన చదివితే "తమిళ పార్టీల ఒత్తిడి ఉన్నప్పుడు వేశారు, లేనప్పుడు మానేశారు" అనిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. 2013లో ఓటుకు రెండు రోజుల ముందే డీఎంకే యూపీఏ నుంచి బయటికి వచ్చింది. కానీ తీర్మానాల పాఠం తెరవండి. 2012లో భారత్ అనుకూలంగా వేసింది, వేసే ముందు ఒక మార్పు చేయించింది: మానవ హక్కుల హైకమిషనర్ కార్యాలయం ఇచ్చే సాయం శ్రీలంక ప్రభుత్వంతో సంప్రదించి, దాని సమ్మతితోనే ఉండాలని. 2014 తీర్మానంలో కొత్తగా వచ్చింది అంతర్జాతీయ దర్యాప్తు. భారత్ తన ఓటు వివరణలో దాన్నే పట్టుకుని, చొరబాటు ధోరణి అని అభ్యంతరం చెప్పింది. గీత ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది: విమర్శ సరే, సలహా సరే, బయటి దర్యాప్తు కాదు. తర్వాతి ఓట్లలో ఈ గీత పెద్దగా కదల్లేదు.

అందుకే తీర్మానం చదివేటప్పుడు పీఠిక మీద సమయం పెట్టకండి. "గుర్తుచేసుకుంటూ", "స్వాగతిస్తూ" అని సాగేదంతా పీఠిక. అంకెలు వేసిన పేరాలు మొదలయ్యే చోటికి వెళ్లి మూడు వెతకండి: కొత్త దర్యాప్తు యంత్రాంగం ఉందా, దానికి డబ్బు కేటాయింపు ఉందా, నివేదిక ఎప్పటికి ఇవ్వాలి. ఓట్లు చీలేది వీటి దగ్గరే.

ఓటు వివరణను వదిలేయడం ఇంకో పెద్ద పొరపాటు. ఓటు ముందో వెనకో ప్రతినిధి రెండు మూడు నిమిషాలు చదివే పాఠం అది. తటస్థంలోని అసలు రంగు అక్కడే తెలుస్తుంది. 2022 అక్టోబరు 6 మళ్లీ చూడండి. అదే రోజు చైనాలో ఉయ్‌గుర్ ముస్లింలుండే షింజియాంగ్ ప్రాంత పరిస్థితిపై చర్చ జరపాలా వద్దా అన్నది ఓటుకొచ్చింది: 17 అనుకూలం, 19 వ్యతిరేకం, 11 తటస్థం. రెండు ఓట్ల తేడాతో చర్చ కూడా లేకుండా పోయింది. భారత్ ఇక్కడా తటస్థమే. ఒకే రోజు, ఒకే గది, ఒకే మాట. శ్రీలంక విషయంలో మాత్రం భారత్ ఏళ్లుగా చెబుతున్న నిర్దిష్టమైన డిమాండ్ ఉంది: ప్రావిన్సులకు అధికారాలిచ్చే, శ్రీలంక రాజ్యాంగంలోని 13వ సవరణ పూర్తి అమలు, తమిళులకు సమానత్వం, న్యాయం, గౌరవం. ఆ ఓటుకు కొన్ని వారాల ముందు, రాజకీయ పరిష్కారం దిశగా కొలవదగ్గ పురోగతి లేదని మండలిలోనే ఆందోళన చెప్పింది. షింజియాంగ్ విషయంలో ఓటు సమయంలో ఏమీ చెప్పలేదు. మర్నాడు ఢిల్లీలో ప్రతినిధి, ఒక దేశాన్ని లక్ష్యంగా చేసుకున్న తీర్మానాలు ఉపయోగపడవన్న పాత సూత్రం చెబుతూనే, అక్కడి ప్రజల హక్కులను గౌరవించాలని అన్నారు. చైనా గురించి ఢిల్లీ అంతమాట బహిరంగంగా అనడమే అరుదు కాబట్టి, ఆ ఒక్క వాక్యం ఓటు కన్నా పెద్ద వార్త.

సవరణల మీద ఓట్లనూ చూడండి. 2023 అక్టోబరు 27న గాజాపై సర్వప్రతినిధి సభ తీర్మానం వచ్చినప్పుడు, హమాస్ దాడిని ఖండించే మాట చేర్చాలని కెనడా ప్రతిపాదించింది. భారత్ దానికి అనుకూలంగా వేసింది. దానికి మూడింట రెండొంతుల మద్దతు దక్కలేదు. అసలు తీర్మానం మీద భారత్ తటస్థంగా ఉంది. డిసెంబరు 12న కాల్పుల విరమణ కోరే తీర్మానం 153–10తో నెగ్గింది, భారత్ అనుకూలం. సవరణ సంగతి తెలియకపోతే ఈ రెండు ఓట్లు పొంతన లేనివిగా కనిపిస్తాయి.

పార్లమెంటు జవాబులు, ఆర్టీఐ

ప్రకటనల్లో అంకెలుండవు. పార్లమెంటు జవాబుల్లో ఉంటాయి. 2024 డిసెంబరులో రాజ్యసభలో ఇచ్చిన లిఖిత సమాధానంలో, బంగ్లాదేశ్‌లో హిందువులపై, ఇతర మైనారిటీలపై హింసా ఘటనలు ఆ ఏడాది డిసెంబరు 8 నాటికి 2,200 అని, 2023లో 302 అని ప్రభుత్వం చెప్పింది. ఈ అంకెలను మైనారిటీ, మానవ హక్కుల సంస్థల నుంచి తీసుకున్నారు, ప్రభుత్వం సొంతంగా లెక్కించినవి కావు. ఎత్తి రాసేటప్పుడు ఆ మాట వదిలేస్తే అంకె బరువు మారిపోతుంది.

జవాబు చదివేటప్పుడు ఒక ఎత్తు తెలిసి ఉండాలి. సభ్యుడు ప్రశ్నను నాలుగైదు ఉపప్రశ్నలుగా వేస్తాడు. మంత్రి ఒక్కోదానికి విడిగా చెప్పకుండా అన్నిటికీ కలిపి ఒకే జవాబు ఇస్తే, ఏదో ఒక ఉపప్రశ్నకు జవాబు లేదని అనుమానించండి. ప్రశ్నను ముక్కలుగా రాసుకుని జవాబులో ప్రతి ముక్కకూ గీత గీయండి. గీత పడని ముక్కే చాలాసార్లు అసలు విషయం. నక్షత్రం గుర్తున్న ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సినది అయితే, అనుబంధ ప్రశ్నలు కూడా వచ్చి ఉండవచ్చు కాబట్టి ఆ రోజు చర్చ పాఠం కూడా తీయండి.

సమాచార హక్కు కింద అడగవచ్చు, కానీ ఏమి అడగాలో తెలియకపోతే నెల రోజులు వృథా. "ఫలానా దేశానికి పంపిన నిరసన పత్రం ప్రతి ఇవ్వండి" అంటే సెక్షన్ 8(1)(ఎ) చూపించి తిరస్కరిస్తారు, విదేశీ సంబంధాలకు హాని అని. ఆ ప్రభుత్వం రహస్యంగా ఇచ్చిన సమాచారానికి 8(1)(ఎఫ్) ఉంది. పాఠం అడగకుండా లెక్క అడగండి: ఫలానా తేదీల మధ్య ఎన్నిసార్లు పిలిపించారు, ఎన్ని వినతులు అందాయి, నిర్బంధంలో ఉన్న మన పౌరులను కలవడానికి ఎన్ని కాన్సులర్ భేటీలు కోరారు, ఎన్ని దొరికాయి. ఆన్‌లైన్‌లో రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు నచ్చకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు. ఒక దరఖాస్తులో ఒకే దేశం, ఒకే కాలం పెట్టండి. అన్నీ కలిపి అడిగితే కార్యాలయాల మధ్య బదిలీ అవుతూ తిరుగుతుంది.

చేతల లెక్క

మాటలు, ఓట్లు అయ్యాక మూడో గడి చేతలు. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏం పంపారు, ఏది ఆపారు. 2021 మార్చి 27న నేపిడాలో మయన్మార్ సైనిక దినోత్సవ కవాతుకు హాజరైన ఎనిమిది దేశాల ప్రతినిధుల్లో భారత్ ప్రతినిధి ఉన్నారు. వందమందికి పైగా పౌరులు చనిపోయింది ఆ రోజే. నాలుగు రోజుల తర్వాత న్యూయార్క్‌లో తీవ్ర ఖండన. ఆ జూన్ 18న సర్వప్రతినిధి సభ తీర్మానం 119–1, తటస్థం 36; భారత్ తటస్థం, పొరుగు దేశాలతో తగినంత సంప్రదింపులు లేవన్న కారణంతో. ఇందులో ఏ ఒక్కటి పట్టుకున్నా తప్పు బొమ్మ వస్తుంది. 1,600 కిలోమీటర్లకు పైగా ఉమ్మడి సరిహద్దు, ఈశాన్యంలో తిరుగుబాటు సంస్థలు, శరణార్థులు: ఢిల్లీ తూకం వేస్తున్నవి ఇవి. అంగీకరించాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ తూకంలో ఏమున్నాయో రాయకుండా తీర్పు ఇస్తే పాఠకుడికి ఏమీ చెప్పనట్టే.

చేతలు మాటలకు ముందు నడిచిన సందర్భమూ ఉంది, స్వాతంత్ర్యానికి ముందే. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో నౌక దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరినప్పటి నుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1946లో దక్షిణాఫ్రికా భారతీయుల భూమి హక్కులను బిగించే చట్టం తెస్తే, భారత్ తన హైకమిషనర్‌ను వెనక్కి పిలిచింది, వాణిజ్యం తెంచుకుంది, కొత్తగా పుట్టిన ఐరాసకు ఫిర్యాదు చేసింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని బృందం డిసెంబరు 8న 32–15 ఓట్లతో, 7 తటస్థంతో, తీర్మానం నెగ్గించుకుంది. అప్పుడు దక్షిణాఫ్రికా అడ్డం పెట్టుకున్న వాదన ఐరాస చార్టర్ 2(7): ఇది మా అంతర్గత వ్యవహారం. ఈ రోజు ఢిల్లీ ఓటు వివరణల్లో సార్వభౌమత్వం అన్న మాట వచ్చినప్పుడల్లా ఈ పాత కాగితం గుర్తుచేసుకోవడం ఉపయోగం.

బాధితులు మన పౌరులైతే

లెక్క పూర్తిగా మారుతుంది. అప్పుడు ఆధారం మానవ హక్కుల తీర్మానం కాదు, 1963 నాటి కాన్సులర్ సంబంధాల వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం. నిర్బంధంలో ఉన్న తన పౌరుణ్ణి కలిసే హక్కు దేశానికి ఉంటుంది. కులభూషణ్ జాధవ్ కేసులో 2019 జులై 17న అంతర్జాతీయ న్యాయస్థానం 15–1తో పాకిస్థాన్ దీన్ని ఉల్లంఘించిందని చెప్పింది. ఇలాంటి కేసుల్లో ప్రకటనలో వెతకాల్సిన మాట "కాన్సులర్ భేటీ": కోరారా, దొరికిందా, ఎన్నిసార్లు, ఎవరి సమక్షంలో.

ఇక్కడ తక్కువ మాట్లాడటాన్ని నిర్లక్ష్యంగా చదవడం తొందరపాటు. ఖతార్‌లో ఎనిమిదిమంది మాజీ నౌకాదళ సిబ్బందికి, వారిలో విశాఖపట్నానికి చెందినవారూ ఉన్నారు, 2023 అక్టోబరు 26న మరణశిక్ష పడింది. విదేశాంగ శాఖ దిగ్భ్రాంతి చెప్పి, కేసు గోప్యమైనదంటూ వివరాల్లోకి వెళ్లలేదు. ఖతార్‌ను ఒక్క మాట అనలేదు. డిసెంబరు 28న శిక్ష తగ్గింది, 2024 ఫిబ్రవరి 12న విడుదల వార్త వచ్చింది. పేరు పెట్టి నిందించి ఉంటే అవతలి పాలకుడికి క్షమాభిక్ష ఇవ్వడం కష్టమయ్యేది. విదేశీ పౌరుల హక్కుల విషయంలో మౌనానికి వర్తించే కొలత ఇక్కడ వర్తించదు. ఈ రెండు రకాల కేసులనూ ఒకే పట్టికలో వేయకండి.

రాసిపెట్టుకునే తీరు

ఒక దేశానికి ఒక పేజీ చాలు. ఐదు నిలువు గడులు: తేదీ, రూపం, నాలుగు ప్రశ్నలకు జవాబులు, ఓటు అంకెలతో సహా, అదే వారంలో జరిగిన చేత. ప్రకటన పాఠాన్ని కాపీ చేసి దాచండి, లింకు ఒక్కటీ దాచితే చాలదు; వెబ్‌సైట్ మారినప్పుడు పాత లింకులు పోతాయి. ఖండన అని రాసే ముందు అసలు పాఠంలో ఆ క్రియ ఉందో లేదో వేలు పెట్టి చూపించగలగాలి. ఓట్ల అంకెలకు ఐరాస డిజిటల్ లైబ్రరీని చూడండి, వార్తా సంస్థల తొలి వార్తల్లో ఒకటి రెండు ఓట్లు తేడా రావచ్చు.

మానవ హక్కుల మండలి ఏటా మూడుసార్లు సమావేశమవుతుంది: ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ తొలి రోజుల దాకా, జూన్–జులైలో, సెప్టెంబరు–అక్టోబరులో. తీర్మానాల మీద ఓట్లు చివరి వారంలో పడతాయి. ముసాయిదాలు అంతకు కొద్దిరోజుల ముందే మండలి సైట్లో కనిపిస్తాయి. ముసాయిదాను అప్పుడే దించుకుని, ఆమోదం పొందిన పాఠంతో పోల్చండి. మధ్యలో ఏ పేరా మెత్తబడిందో, ఏ కొత్త మాట చేరిందో చూస్తే తెర వెనక ఎవరు ఏం అడిగారో చాలావరకు తెలిసిపోతుంది.